రాజులే లేని మసాబాలకు గెజెట్ పెద్దరికం

ఉగాండాలో సరి సంఖ్య సంవత్సరం వచ్చిందంటే తూర్పు సరిహద్దులోని ఎంబాలే పట్టణం, దాని చుట్టూ ఉన్న కొండ ఊళ్లు డప్పుల మోతతో మార్మోగిపోతాయి. ఆగస్టులో ఎంబాలే దగ్గరి ముటోటో మైదానంలో ఇంబాలు మొదలవుతుంది. మసాబా యువకులు సున్తీ చేయించుకుని మగవాళ్లుగా గుర్తింపు పొందే వేడుక ఇది. మంత్రులు వస్తారు, టూరిజం శాఖ వస్తుంది, కెమెరాలు వస్తాయి. వేదిక మీద మధ్య కుర్చీలో 'ఉముకుక' అనే బిరుదున్న సాంస్కృతిక నాయకుడు కూర్చుంటాడు. వేడుక ఎంత పాతదో ఎవరూ చెప్పలేరు. ఆ కుర్చీ మాత్రం 2010లో వచ్చింది. మసాబాల నేటి రాజకీయం చాలావరకు ఈ రెండింటి మధ్యే నలుగుతోంది.

మసాబాలు బంటూ భాషా కుటుంబానికి చెందిన జనం. బగిసు అన్న పేరు కూడా వాడుకలో ఉంది. మాట్లాడేది లుమసాబా. ఉగాండా 2014 జనగణనలో వీళ్ల సంఖ్య సుమారు 16 లక్షలు. 4,321 మీటర్ల ఎత్తున్న ఎల్గాన్ అనే చల్లారిన అగ్నిపర్వతం పడమటి వాలు వీళ్ల స్వస్థలం. ఆ పర్వతానికి వీళ్లు పెట్టుకున్న పేరూ, తమ మూలపురుషుడి పేరూ ఒకటే: మసాబా. కొండలోంచి పుట్టుకొచ్చిన మసాబాకు ముగ్గురు కొడుకులనీ, ఈనాటి వంశాలన్నీ ఆ ముగ్గురి నుంచే చీలాయనీ చెప్పుకుంటారు. పర్వతం అవతల, కెన్యా వైపు ఉన్న బుకుసులు వీళ్ల దాయాదులే. భాష దగ్గరిది, ఆచారమూ దగ్గరిది. బ్రిటిష్ వాళ్లు గీసిన సరిహద్దు మాత్రం మధ్యలో పడింది.

ఇంబాలు ఎలా వచ్చిందన్నదానికి ఒక కథ ఉంది. మసాబా పొరుగు జాతి పిల్లను ఇష్టపడితే, మా ఆచారం ప్రకారం సున్తీ చేయించుకుంటేనే పెళ్లి అని ఆమె పట్టుబట్టిందట. ఈ కథలో చరిత్ర తునక ఒకటి ఉందనే అనిపిస్తుంది. చుట్టుపక్కల ఉన్న బంటూ జాతుల్లో చాలామందికి, పెద్ద జాతి అయిన బగండాలతో సహా, సున్తీ సంప్రదాయం లేదు. ఎల్గాన్ మీదే ఉండే కలెన్జిన్ జాతులకు ఉంది. ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగే కొండమీద, పొరుగువాళ్ల ఆచారం పెళ్లి సంబంధాల దారిన వచ్చి చేరడంలో వింతేమీ లేదు.

ఇంబాలులో అసలు సంగతి కోత కాదు, నిలబడటం. యువకుడు తానే ముందుకొచ్చి 'ఈ ఏడు నేను' అని ప్రకటించాలి. నెలల తరబడి బంధువుల ఇళ్లకు ఆడుతూ పాడుతూ వెళ్లి పిలవాలి. ఒంటికి పిండి, మట్టి పూస్తారు. కడోడి డప్పులు మోగుతాయి. చివరి రోజున అందరి ముందు మత్తుమందు లేకుండా, కన్ను ఆర్పకుండా నిలబడాలి. వణికితే ఆ మాట జీవితాంతం వెంటాడుతుంది. ఆ తర్వాత కోత కోసినవాడే అతని చేతులు కడిగి, ఇక నీకు భూమి, పెళ్లి, పెద్దల సభలో కూర్చునే అర్హత ఉన్నాయని చెబుతాడు. ధనవంతుడి కొడుకైనా, కూలివాడి కొడుకైనా పరీక్ష ఒకటే. మగతనం తండ్రి ఇచ్చేది కాదు, రాజు ఇచ్చేది అంతకన్నా కాదు. రాజు లేని సమాజం తనను తాను నిలబెట్టుకున్న పద్ధతి ఇది.

నిజానికి మసాబాలకు ఏనాడూ రాజు లేడు. కొండ గట్టుకో వంశం, వంశానికో పెద్ద, తగువు వస్తే పెద్దల పంచాయితీ. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో బ్రిటిష్ వాళ్లకు ఇదే తలనొప్పి అయింది. పన్ను వసూలుకు ఎవరిని పట్టుకోవాలో తెలియలేదు. దాంతో సెమెయి కకుంగులు అనే బగండా సేనాని ఈ ప్రాంతాన్ని లొంగదీశాడు. ఎంబాలే పట్టణం ఆయన వేసిన పునాదే. ఆయన వెనక వచ్చిన బగండా ఏజెంట్లు మసాబాల మీద అధికారం చెలాయించారు. (ఈ కకుంగులే తర్వాత బ్రిటిష్ వాళ్లతో చెడి, యూదు మతం స్వీకరించి, ఈనాటికీ ఎంబాలే దగ్గర ఉన్న అబయుదయ సమాజానికి మూలమయ్యాడు. అది వేరే కథ.) పరాయి పెద్దరికం అంటే మసాబాలకు ఉన్న చిరాకుకు వేళ్లు అక్కడ ఉన్నాయి.

వాళ్లు తామే కట్టుకున్న పెద్ద వ్యవస్థ ఏదైనా ఉందంటే అది రాజరికం కాదు, కాఫీ సహకార సంఘం. 1954లో ఏర్పడిన బుగిసు సహకార యూనియన్ కొండ మీది చిన్న రైతుల అరబికా కాఫీ కొని, శుద్ధి చేసి అమ్మేది. పిల్లల చదువులు, రేకుల ఇళ్లు ఆ డబ్బుతోనే వచ్చాయి. మన అరకు అరబికాకు బ్రాండు వచ్చినప్పుడు గిరిజన రైతు చేతికి ఎంత చేరుతోందన్న చర్చ జరిగింది కదా, ఆ చర్చ ఎంబాలేలో అరవై, డెబ్బయ్యేళ్ల నుంచీ జరుగుతోంది. 1990ల మొదట్లో కాఫీ వ్యాపారాన్ని ప్రైవేటుకు తెరిచాక యూనియన్ అప్పుల్లో, ఆధిపత్య పోరుల్లో కూరుకుపోయింది. జనమంతా ఒక చోట కూర్చుని మాట్లాడుకునే లౌకిక వేదిక అలా బలహీనపడింది.

ఆ ఖాళీలోకి సాంస్కృతిక సంస్థ వచ్చింది. 1967లో ఒబోటే రద్దు చేసిన సంస్థానాలను ముసెవేని ప్రభుత్వం 1993లో తిరిగి అనుమతించింది. బుగండా రాజుకు పట్టాభిషేకం జరిగింది. 1995 రాజ్యాంగం సంప్రదాయ నాయకులను గుర్తించింది. దాంతో రాజులు లేని జాతుల్లోనూ 'మాకూ ఒకరు కావాలి' అన్న కోరిక మొదలైంది. మసాబాలు 'ఇంజు యా మసాబా', అంటే మసాబా ఇల్లు, అనే సంస్థ కట్టుకుని విల్సన్ వమింబిని మొదటి ఉముకుకగా ఎన్నుకున్నారు. వంశపారంపర్యం కాకుండా మూడు కొడుకుల శాఖల మధ్య వంతులవారీగా పదవి తిరగాలన్నది ఏర్పాటు. తమ పాత స్వభావానికి తగ్గ తెలివైన ఏర్పాటే. కానీ 2011 చట్టంతో లెక్క మారింది. నాయకుణ్ణి ప్రభుత్వ గెజెట్ గుర్తించాలి, గుర్తింపుతో పాటు భత్యం, వాహనం వస్తాయి. రెండో ఉముకుక బాబ్ ముషికోరి 2021లో చనిపోయాక వారసత్వం మీద రెండు వర్గాలు తలపడ్డాయి, కోర్టుల దాకా వెళ్లాయి. చివరికి 2023లో జూడ్ ముడోమా పేరు గెజెట్లోకి ఎక్కింది. వంశ పెద్దలు తేల్చుకోవాల్సిన విషయం మంత్రి కార్యాలయంలో తేలింది. కకుంగులు కాలంలో పెద్దను బయటివాడు పంపాడు, ఇప్పుడు పెద్ద లోపలివాడే, ముద్ర మాత్రం బయటిది. పోలిక పూర్తిగా న్యాయం కాకపోవచ్చు, కానీ కంపాలా కోణంలో చూస్తే లాభం ఒకటే: చెదిరిన వంశాలతో కాకుండా ఒక్క మనిషితో మాట్లాడితే సరిపోతుంది.

ఆ మార్పు ఇంబాలునూ తాకింది. వంశాలవారీగా జరిగే కర్మ ఇప్పుడు స్పాన్సర్ల బ్యానర్ల కింద పండగ అవుతోంది. ఇందులో మంచీ లేకపోలేదు. ఒకే కత్తిని వరసగా వాడటం హెచ్‌ఐవీ కాలంలో ఎంత ప్రమాదమో చెప్పడానికి, ఒక్కొక్కరికీ వేరే కత్తి అలవాటు చేయడానికి ఆరోగ్య శాఖకు ఈ వేదిక పనికొచ్చింది. ఆసుపత్రిలో చేయించుకునే కుర్రాళ్లూ ఉన్నారు, వాళ్లను వేళాకోళం చేసేవాళ్లూ ఉన్నారు. ఇష్టం లేని మగవాళ్లను పట్టుకుని బలవంతంగా కోసిన ఘటనలు పదేపదే వార్తల్లోకొచ్చాయి. తానే ముందుకు రావడమే ప్రాణమైన ఆచారంలో బలవంతం చొరబడితే మిగిలేది దౌర్జన్యమే. దీని మీద వేదిక మీది పెద్దలు ఇంకా గట్టిగా మాట్లాడాలి.

వాళ్లు గట్టిగా మాట్లాడాల్సింది ఇంకొకటి ఉంది: కాళ్ల కింది నేల. 2010 మార్చి 1న బుడుడా జిల్లాలో కొండచరియ విరిగి నామెట్సి ఊరిని మింగేసింది. దొరికిన మృతదేహాలు వంద దాకా, మట్టిలోనే ఉండిపోయినవాళ్లు అంతకంటే ఎక్కువ. 2018 అక్టోబరులో అదే జిల్లాలో మళ్లీ, 2024 నవంబరులో పక్కనున్న బులంబులిలో మళ్లీ. అగ్నిపర్వత మట్టి సారవంతం కాబట్టే జనం అక్కడ కిక్కిరిశారు, తరతరాలకూ భూమి ముక్కలై నిటారు వాలుల మీదికి ఎక్కారు. పైన అడవి 1993 నుంచి జాతీయ పార్కు. ఎండబెట్టి, పొగబెట్టి, వేరుశనగ ముద్దతో వండుకునే లేత వెదురు మొలకలు, మలేవా, ఆ అడవి నుంచే రావాలి. దానికి ఇప్పుడు పార్కు అధికారులతో ఒప్పందం కావాలి. పైకి పోనివ్వరు, ఉన్నచోట కొండ ఆగదు.

2010 బాధితుల్లో కొందరిని ప్రభుత్వం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని కిర్యాండోంగోకు తరలించింది. వెనక్కి వచ్చేసినవాళ్లు ఉన్నారు. బయటివాళ్లకు ఇది మూర్ఖత్వంగా కనిపిస్తుంది. కానీ ఇంబాలుకు నిలబడాల్సింది తాతల వాకిట్లో. భూమి హక్కు, పెళ్లి సంబంధం, చనిపోతే పూడ్చే చోటు అన్నీ ఆ వాకిలితోనే ముడిపడ్డాయి. తర్వాత బులంబులిలోనే, మసాబా నేలలోనే, మైదానంలో ఇళ్లు కట్టించడం మొదలుపెట్టాక కదలడానికి ఒప్పుకున్నవాళ్లు పెరిగారు. కొత్త ఇళ్ల మధ్య ఏ వంశం వాకిలి ఎక్కడ, అక్కడ పెరిగే కుర్రాడు ఎవరి ముందు నిలబడాలి అన్నది తేల్చగలిగేది వంశ పెద్దలూ, ఉముకుకే. ఆ పని ఏ గెజెట్లోనూ రాసిలేదు.