రాష్ట్రం లేని జట్టు

ఖరగ్‌పూర్‌కు చేరువలోని సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళ కుటుంబాల నోట నేపాలీ వినిపిస్తుంది. కొద్ది దూరంలోని రైల్వే వర్క్‌షాపులో, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి తరతరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కార్మికులు, వంగ, ఒరియా, హిందీ భాషల వారితో భుజం కలిపి పనిచేస్తున్నారు. పనివేళ ఈ భేదాలు ఎవరికీ గుర్తుండవు. సైరన్ మ్రోగిన తరువాత మాత్రం ఎవరి వీధికి వారు, ఎవరి సంఘానికి వారు!

ఈ దూరాన్ని ఆటస్థలం కొంతవరకైనా తగ్గించగలదని మేము భావిస్తున్నాము. సంతోష్ ట్రోఫీ 1941లో ప్రారంభమైన నాటి నుండి ప్రధానంగా రాష్ట్రాల మధ్య జరిగే పోటీ. ప్రతి జట్టు వెనుక ఒక ప్రాంతాభిమానం ఉంటుంది. అయితే సైనిక దళాల జట్టు వలెనే మన రైల్వే జట్టుకు రాష్ట్రం లేదు, ఒకే మాతృభాష లేదు. ఆ జట్టే 1960వ దశకంలో మూడుసార్లు విజేత అయినది.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన భారత జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన రహీం సాహెబు. గోల్ చేసినవారు ఈస్టర్న్ రైల్వే ఉద్యోగి పి.కె. బెనర్జీ, దేశ విభజన నాటి శరణార్థి అయిన పంజాబీ జర్నయిల్ సింగ్. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టి, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు, తరువాత మన బి.ఎన్.ఆర్.కు ఆడారు. 2023లో కన్నుమూసే నాటికి ఆయన నివాసం గంగ ఒడ్డున ఉత్తరపారాలోనే. ఎన్ని మహాసభల తీర్మానాలు సాధించగలవు ఇంతటి పనిని?

ఆట దానంతటదే ఐక్యత తెస్తుందని మాత్రం మేము అనము. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచిలో చెలరేగిన అల్లర్లలో 16 మంది ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. ఇరువైపుల వారూ ఒకే నగరవాసులు.

కావున మన శాఖలు నిర్వహించే పోటీలలో భాషను బట్టి జట్లు కట్టరాదు. షాపును బట్టి, సెక్షనును బట్టి, తపాలా కార్యాలయాన్ని బట్టి కట్టాలి. కాంట్రాక్టు కార్మికునికి కూడ అందులో చోటుండాలి. ఒకే పట్టాపై పనిచేసేవాడు గ్రౌండు గేటు వద్ద పరాయివాడు కారాదు. ఆటగానికి మ్యాచి రోజున సెలవు ఇప్పించే బాధ్యత యూనియన్‌దే. ఇక సాలువా యువకులను సెర్సా మైదానానికి పిలవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. ఒక పోస్టుకార్డు చాలు, దానిని అందజేసేవాడూ మనవాడే.