పర్దా మా ఇళ్లలోనే ఉందా?

మేం ముస్లిం ఆడవాళ్లం. మా ఇళ్లలో జనానా ఉందనీ, గుమ్మానికి పర్దా కట్టి మమ్మల్ని లోపల కూర్చోబెట్టారనీ ఏళ్ల తరబడి మా మీద జాలిపడుతున్నారు. పర్దా ఉంది. కాదనం. దాని మీద మా మగాళ్లతో మా కొట్లాట ఇవాళ్టిది కాదు. మరి జాలిపడే పెద్దమనుషులు పొద్దున పదింటికి వెళ్లి కూర్చునే ఆఫీసు సంగతేంటి? అక్కడి గోడలు, కుర్చీలు, బాత్‌రూంలు ఎవరి కొలతకు కట్టారు? ఈ ప్రశ్న అడిగితే మాత్రం అది ఇంజనీర్ల విషయం అంటారు. అది ఆడామగా విషయం. మా దగ్గరకొచ్చేసరికి మతం విషయం కూడా.

శ్రీహరికోటనే తీసుకుందాం. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య దీవి. యానాదుల్ని లేపేసి అక్కడ రాకెట్ కేంద్రం కట్టారు. 1971 అక్టోబర్ 9న తొలి రాకెట్ లేచింది. 1979లో ఎస్‌ఎల్‌వి-3 సముద్రం పాలైంది, 1980 జూలై 18న రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. 'చూడండి, మీవాడు ఎంత ఎత్తుకెళ్లాడో' అని ఆ పేరుతో మా అన్నదమ్ముల నోరు మూయించడం ఈ దేశానికి అలవాటు. 2023 సెప్టెంబర్ 2న అదే దీవి నుంచి ఆదిత్య-ఎల్1 లేచింది. దాని ప్రాజెక్టు డైరెక్టర్ నిగార్ షాజీ. సెంగోట్టై ఆడబిడ్డ. 1987లో ఇస్రోలో చేరింది, తొలి కొలువు శ్రీహరికోటలోనే. ఇక ఆమె పేరు చెప్పి మా నోరూ మూయించొచ్చు!

మేం మూసుకోం. గర్వపడతాం, లెక్కా అడుగుతాం. ఆదిత్య కౌంట్‌డౌన్ 23 గంటల 40 నిమిషాలు. అంటే రాత్రంతా మనుషులు మేలుకొని ఉండాల్సిన పని. అట్లాంటి పనిచోట ఆడమనిషి నడుం వాల్చడానికి గది, లోపల గడియ ఉన్న తలుపు, నెలసరి రోజున పరుగెత్తకుండా అందే బాత్‌రూం, పాలిచ్చే తల్లికి చాటు - ఇవన్నీ నక్షాలో మొదటే ఉండాలి. కట్టడం అయ్యాక మెట్లకింద మిగిలిన మూల చూపించడం కాదు. ఇది రాకెట్ కేంద్రానికి ఒక్కదానికే చెప్పడం లేదు. సూళ్లూరుపేట గవర్నమెంటు ఆఫీసుల నుంచి శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీల దాకా, తిరుపతి బ్యాంకుల దాకా చెప్తున్నాం.

కొలత మగాడిదే అంటే కొందరికి నవ్వొస్తుంది. ఆఫీసుల్లో ఏసీ ఎంత చల్లగా ఉండాలన్న లెక్క 1960ల్లో తయారైంది. నలభై ఏళ్లు, 70 కిలోల మగాడి ఒంటి వేడిని పట్టుకుని వేసిన లెక్క అది. ఆ లెక్క ఆడవాళ్ల ఒంటికి సరిపోదని 2015లో ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఎండాకాలం తిరుపతిలో ఆఫీసు లోపల ఆడవాళ్లు పైట, దుపట్టా కప్పుకుని వణకడం వెనక ఉన్నది ఇదే. 2019 మార్చిలో నాసా ఇద్దరు ఆడవాళ్లను అంతరిక్ష నడకకు పంపబోయింది. ఇద్దరికీ సరిపోయే సైజులో సిద్ధంగా ఉన్న సూట్ ఒక్కటే. ఒకామెను ఆపి మగాణ్ణి పంపారు. ఇద్దరు ఆడవాళ్లు కలిసి బయటికి అడుగుపెట్టడానికి అక్టోబర్ 18 దాకా ఆగాల్సి వచ్చింది.

అదే అమెరికాలో, లాంగ్లీ కేంద్రంలో విమానాలకు లెక్కలు కట్టిన నల్ల ఆడవాళ్లకు వేరే గది, వేరే బాత్‌రూం, క్యాంటీన్‌లో వేరే బల్ల. వాళ్లు కట్టిన లెక్కలు మాత్రం వేరుగా పెట్టలేదు, తెల్లవాళ్ల విమానాల్లోనే వాడుకున్నారు. 1958లో నాసా ఏర్పడ్డాక గానీ ఆ వేరు గది పోలేదు. ఆడదాన్నీ జాతినీ ఒకేసారి అవమానించడానికి ఒక్క గోడ చాలని దళిత అక్కచెల్లెళ్లకు మేం చెప్పక్కర్లేదు.

ఇక మా సంగతి. బుర్ఖాతో వచ్చినామె దాన్ని తగిలించుకునే కొయ్య ఏది? వుజూకి కిందగా ఒక కుళాయి, నమాజుకి రెండు గజాల శుభ్రమైన చోటు అడిగితే 'ఆఫీసు సెక్యులర్' అంటారు. ఆయుధపూజ నాడు కంప్యూటర్లకు బొట్లు పెట్టే సెక్యులరిజం మాకు తెలియందా? ప్రయోగానికి ముందు రాకెట్ నమూనా తిరుమల వెళ్లొస్తుంది. వెళ్లనివ్వండి, మేం అడ్డం చెప్పం. మా రెండు గజాల చోటు దగ్గరే రాజ్యాంగం గుర్తుకు రావడం ఏమిటని అడుగుతున్నాం.

'మీవాళ్లు ఆఫీసులో ఉంటే కదా' అంటారు. 2006లో సచార్ కమిటీ చెప్పింది: జనాభాలో మేం 13.4 శాతం. ఐఏఎస్‌లో 3, ఐపీఎస్‌లో 4, ఐఎఫ్‌ఎస్‌లో 1.8. లేరు కాబట్టి చోటు లేదు, చోటు లేదు కాబట్టి రారు. ఈ తిరగలిని ఎవరో ఒకరు ఆపాలి. చేతిలో ఇటుక ఉన్నవాళ్లే ఆపాలి.

మా కౌమ్ పెద్దలకూ ఒక మాట. ఆడవాళ్లకు గది అడిగామని 'అదే కదా మేం చెప్పేది' అని చంకలు గుద్దుకోవద్దు. మేం అడిగేది జనానా కాదు. విశ్రాంతి గదికి మా ఇష్టంతో వెళ్తాం, మా ఇష్టంతో బయటికొస్తాం. పని బల్ల మాత్రం అందరి మధ్యే ఉండాలి, నిర్ణయాలు జరిగే గదిలోనే మా కుర్చీ ఉండాలి. చాలా మసీదుల్లో ఈనాటికీ మాకు ఒక్క వరస చోటు లేదు. ఆ నక్షా కూడా మీరే గీశారు.

చట్టాలు లేక కాదు. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్లు ఉండాలని 1948 చట్టమే చెప్పింది. 50 మంది పనిచేసే చోట శిశుసదనం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ 2017 సవరణ చెప్పింది. చట్టం గదిగా మారాలంటే నక్షా గీసేముందు అడగాలి. ఆఫీసరమ్మను ఒక్కదాన్నే కాదు, టైపు చేసే ఆమెను, రాత్రి డ్యూటీ నర్సమ్మను, పొద్దున్నే వచ్చి ఊడ్చే ఆమెను అడగాలి. కాళ్లు నేలకానే కుర్చీ, ముందు చెక్క ఉన్న బల్ల, దీపం ఉన్న వరండా, పిల్లల గదిలోకి తండ్రి కూడా వెళ్లే వీలు. ఇందులో రాకెట్ కంటే కష్టమైనదేముంది?

రాకెట్ లేస్తే చప్పట్లు కొట్టడానికి మేం ఎప్పుడూ ఉన్నాం. ఇప్పుడు నక్షా పరిచిన బల్ల దగ్గర చోటు ఇవ్వండి. ఆ గోడల్లో మా పన్నుల డబ్బుంది. వాటిని ఎక్కడ లేపాలో, ఎక్కడ లేపకూడదో మేం కూడా చెప్తాం.