గ్రూపు గడి నింపే ముందు

పదో తరగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

పరీక్షలు అయిపోతాయి, ఫలితాలు వస్తాయి, ఆ వెంటనే ఇంటర్ దరఖాస్తు చేతికి వస్తుంది. అందులో గ్రూపు అని ఒక గడి ఉంటుంది. మన హాస్టల్లో చాలామంది దాన్ని ఒక్క నిమిషంలో నింపేస్తారు. ఎంపీసీ ఎందుకురా అంటే "మా బెంచీ వాళ్ళంతా అదే అక్కా" అంటారు. హెచ్ఈసీ ఎందుకే అంటే "లెక్కలుండవు కదా" అంటారు. ఇది సరికాదని నా అభిప్రాయం. ఇంటర్ తర్వాత ఏ కాలేజీలో చేరాలో చూసుకొని గ్రూపు తీసుకోవాలి.

ఇంజనీరింగ్‌కు ఇంటర్లో లెక్కలు ఉండాలి. డాక్టరుకు, బి.ఎస్సీ. నర్సింగుకు బయాలజీ ఉండాలి. ఎంపీసీ చదివినవాడు తర్వాత బి.ఏ.లో చేరవచ్చు. హెచ్ఈసీ చదివినవాడు బి.టెక్.లో చేరలేడు. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం, మన రాష్ట్రంలో 6 శాతం సీట్లు ఉన్నాయి. కానీ గ్రూపే తప్పితే ఆ రిజర్వేషన్ మనకు అక్కరకు రాదు.

అలాగని అందరూ ఎంపీసీకి పరిగెత్తమని నేను అనను. ఇంటర్ ఫెయిలైతే ఏ డిగ్రీలోనూ చేరలేము. హెచ్ఈసీ, సీఈసీ తక్కువ గ్రూపులు అనే మాట కూడా నమ్మవద్దు. ఐదేళ్ళ లా కోర్సుకు ఏ గ్రూపు వాళ్ళయినా వెళ్ళవచ్చు. సివిల్స్‌కు, గ్రూప్-1కు ఏ డిగ్రీ అయినా చాలు. 1/70 చట్టం ఉన్నా మన భూముల తగాదాలు తీరలేదు. కోర్టులో మన తరఫున మాట్లాడే లాయర్లు మనలోంచి రావద్దా?

నేను చదివేది బైపీసీ. లెక్కలు తప్పుతాయని ఇందులో చేరేవారికి ఒక మాట. నీట్‌లో 720 మార్కులకు బయాలజీ 360 మాత్రమే. ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. ఫిజిక్స్ తీస్తే మళ్ళీ లెక్కలే! డోలీ మోతలు ఇంకా ఉన్న మన కొండలకు డాక్టర్లు, నర్సులు కావాలి. కానీ ఈ సంగతి తెలిసి చేరండి.

ఇక టీచరు ఉద్యోగం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఉండేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కనుక "ఏదో ఒక ఇంటర్, తర్వాత డి.ఎడ్., ఆపైన మన ఊళ్ళోనే ఉద్యోగం" అనే పాత ధీమా మీద కూర్చోలేము. టీచరు కావద్దనటం లేదు. పోటీకి నిలబడే సబ్జెక్టు పట్టుకొని టీచరు కావాలి.

మన అమ్మానాన్నల్ని అడిగితే "నీ ఇష్టం బిడ్డా" అంటారు. చాలామంది చదువుకోలేదు, ఇంకేం చెప్తారు? కనుక మూడు ప్రశ్నలు మనమే వేసుకోవాలి. నేను ఏ కాలేజీకి పోవాలి? దాని ప్రవేశ పరీక్షలో ఏ సబ్జెక్టులు ఉన్నాయి? స్టడీ అవర్లో ఎవరూ చెప్పకుండా ఆ పుస్తకం నా అంతట నేను తీస్తానా? మూడోదానికి "లేదు" అని వస్తే ఇంకోసారి ఆలోచించాలి.

వార్డెన్ సార్ గారికి, మేడమ్ గారికి ఒక మనవి. దరఖాస్తులు ఇచ్చే ముందు ఒక ఆదివారం మాకోసం కేటాయించండి. మన దగ్గర చదివి నర్సింగులో, ఇంజనీరింగులో, డిగ్రీలో ఉన్న అన్నలను, అక్కలను పిలిపించండి. ఏ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారో, ఏ పోస్టు ఖాళీగా ఉందో నోటీసు బోర్డు మీద రాయించండి. చెప్పేవారు లేని సబ్జెక్టులో చేరి మార్కులు తగ్గితే ఆ తప్పు పిల్లలది మాత్రమే అనలేము కదా.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, దరఖాస్తు ఇచ్చిన రోజే తిరిగి ఇవ్వనక్కరలేదు. గడువు చూసుకోండి. ఈలోగా నలుగురిని అడగండి. అడగటానికి సిగ్గు పడవద్దు.

— మీ అక్క,
సీనియర్ ఇంటర్, బైపీసీ