కారణం చెప్పని మెయిల్

హైదరాబాద్‌లో ఎయిర్‌హోస్టెస్ ఇంటర్వ్యూ ముగించుకుని స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగానో లేదో, మెయిల్ వచ్చింది. సెలెక్ట్ కాలేదట. ఎందుకో రాయలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ అడిగింది: “చామనఛాయ అని తీస్కోలేదా బిడ్డా?”

దారంతా నేనూ అదే అనుకున్నా. కారణం చెప్పకపోతే ముందు అద్దంలోనే వెతుక్కుంటాం కదా!

రాత్రి పడుకున్నాక ఇంటర్వ్యూ మళ్లీ గుర్తొచ్చింది. “క్యాబిన్‌లో పొగ వస్తే ఏం చేస్తారు?” అని అడిగారు. నవ్వుతూ నిలబడ్డా. నెలల తరబడి మేకప్, ఇంగ్లిష్ నేర్చుకున్నా గానీ అసలు పని గురించి చదవలేదు.

ఫోన్ తీసి చదివా. 44కు మించి సీట్లున్న విమానమైతే, సగం తలుపులే వాడినా 90 సెకన్లలో అందరూ బయటపడాలి. డిజైన్‌కు అనుమతి కావాలంటే అది నిరూపించాల్సిందే. నిజంగా ప్రమాదం జరిగితే ఆ తలుపు దగ్గర ఉండేది క్యాబిన్ క్రూ. భోజనం ట్రేలు తర్వాతి సంగతి.

నన్ను కాదన్నది అందుకేనా? తెలీదు. రంగే కారణమైతే అది వాళ్ల తప్పు. నేను మార్చుకోగలిగింది మాత్రం నా జవాబే.

పొద్దున అమ్మకు ఇదంతా చెప్పా. విని, ఒక్కటే అడిగింది:

“మరి మళ్ల ఎప్పుడు పోతవ్?”