ఆల్ సీజన్ టైరు, ఆల్ సీజన్ సాకు



పోయినసారి నీళ్ళ పంపకం మీద రాస్తే "మీ పోస్టు చదివేసరికి నల్లా వచ్చి పోయింది" అన్నారు కొందరు. ఇది కూడా పొడుగే. కానీ లగ్గాల సీజను ముందుంది కాబట్టి దయచేసి చివరిదాకా చదవండి.

మేము అంటే పొద్దున్నే అశోక్ చౌక్ దగ్గర చాయ్ తాగుతూ కూర్చునే రిటైరైన వాళ్ళం. రాత మాత్రం రైల్వేలో గుమాస్తాగా అరిగిన చేతిది. బడి చదువు తమిళంలో అయింది, తెలుగు రాత సోలాపూర్ వచ్చాక నేర్చుకున్నది. అక్షరం తప్పయితే దిద్దండి. విషయం తప్పయితే తిట్టండి. చదవకుండా మాత్రం దాటెయ్యకండి.

పోయిన మే నెలలో మాలో ఒకరి మేనల్లుడు కుటుంబంతో కరీంనగర్ వైపు లగ్గానికి పోయి తిరిగి వస్తున్నాడు. బండిలో ఏడుగురు. పైన క్యారియర్ మీద ఊరి నుంచి తెచ్చిన బియ్యం మూటలు. హుమ్నాబాద్ దాటి ఉమర్గా ఇంకా రాకముందు, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, వెనక ఎడమ టైరు పేలింది. బండి రెండు చుట్లు తిరిగి డివైడర్‌కు కొట్టుకుని ఆగింది. ప్రాణాలు పోలేదు. కానీ పెద్దమ్మకు కుడి భుజం ఎముక విరిగింది. నలభై ఏళ్ళు బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చేత్తో జడ వేసుకోవడం కూడా కష్టం.

ఆసుపత్రికి సగం పేట వచ్చింది. అందరి నోటా ఒకటే మాట: "ఖర్మ. గండం గడిచింది." మేనల్లుడు మాత్రం "టైరు మంచిదే కాకా, ఆల్ సీజన్ టైరు. ఫారిన్ మాల్. ఎట్ల పేలిందో ఏమో" అని తల పట్టుకున్నాడు.

ఆ పేలిన టైరు డిక్కీలోనే ఉంది. మేము దాన్ని తీయించి కడిగించాం. గీతలు బాగానే ఉన్నాయి. పక్క గోడ మీద "ఎం ప్లస్ ఎస్" అని ఉంది, అంటే బురద, మంచు. ఇంకో చోట చిన్న గడిలో నాలుగంకెలు: 3415. అంటే 2015వ సంవత్సరం, 34వ వారం తయారీ. రెండేళ్ళ కింద ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొన్నాడు. కొన్ననాడు కొత్తదానిలా మెరుస్తుంటే కొత్తదే అనుకున్నాడు. ఏ చలిదేశంలోనో వాడి పారేసిన టైరు, నల్ల పాలిష్ పూసుకుని మన ఎండలోకి వచ్చింది. అమ్మినవాడు చెప్పింది ఒక్కటే ముక్క: "ఆల్ సీజన్ హై, కుచ్ నహీ హోగా."

ఇంతకీ ఈ ఆల్ సీజన్ అంటే ఏమిటో చూద్దాం. మంచు పడే దేశాల్లో ఏడు డిగ్రీల కంటే చలి పెరిగితే ఎండాకాలపు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. అందుకని అక్కడ చలికాలానికి మెత్తటి రబ్బరు టైర్లు వేరే ఉంటాయి. ఏటా రెండుసార్లు నాలుగు టైర్లూ మార్చుకోవాలి. ఆ బాధ తప్పించడానికి రెండింటికీ మధ్యగా ఒకటి చేశారు. 1977లో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో అనే టైరుతో అమెరికాలో ఈ పేరు ఇంటింటికీ చేరింది. మధ్యరకం అంటే మధ్యరకమే. గట్టి మంచులో అసలు చలి టైరంత పట్టు ఉండదు, గట్టి ఎండలో అసలు ఎండ టైరంత బిగువూ ఉండదు. పైగా ఆ "ఎం ప్లస్ ఎస్" ముద్ర తయారీదారు తనంతట తాను వేసుకునేది. మంచులో పరీక్ష చేసిన టైరుకు మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు ఉన్న గుర్తు వేరే ఉంటుంది.

మన సోలాపూర్‌లో డిసెంబరు రాత్రి కూడా పది డిగ్రీల దగ్గరే ఆగుతుంది. మే నెలలో 43 దాటుతుంది. అప్పుడు తారు రోడ్డు మీద వేడి ఇంకెంతో చెప్పులు లేకుండా నడిచిన వాళ్ళను అడగండి. మనకు లేని చలికాలం కోసం పెట్టిన పేరును చూసి మన ఎండాకాలానికి ధైర్యం తెచ్చుకుంటున్నాం. మన కంపెనీలు ఇక్కడ అమ్మే మామూలు కొత్త టైర్లు మన ఎండకూ వానకూ చేసినవే. అందువల్ల దుకాణంలో చెప్పే "ఆల్ సీజన్" అనే మాట కొత్తగా ఏమీ చెప్పదు, ధర పెంచడానికి తప్ప.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు డాలస్ ఎండలో ఇవే ఆల్ సీజన్ టైర్లు నడుపుతున్నారు, అవేమీ రోజూ పేలడం లేదు. కాబట్టి పెద్దమ్మ భుజం విరిచింది పేరు కాదు. దాదాపు పదేళ్ళ వయసు, పైన బియ్యం మూటలు, లోపల తక్కువ హవా, ఆపకుండా నాలుగు గంటల పరుగు, ఇవన్నీ కలిసి విరిచాయి. పేరు చేసిన పాపం ఒక్కటే. వంగి చూడాల్సిన పని లేదని నమ్మించింది.

మేము నలుగురైదుగురు డ్రైవర్లను అడిగాం. ప్రతి వారం చద్దర్లూ టవళ్ళూ వేసుకుని హైదరాబాద్ పోయే ఒక తమ్ముడు అన్నాడు: "ఎండాకాలం వస్తే నేను రెండు పాయింట్లు హవా తగ్గిస్త కాకా. వేడికి ఎక్కువై పేలుతది కద." మనలో ఎక్కువమంది నమ్మేది ఇదే, ప్రమాదమూ ఇదే. వేడి పదీ పన్నెండు డిగ్రీలు పెరిగితే హవా ఒకటిన్నర, రెండు పాయింట్లు పెరుగుతుంది. అది కంపెనీ లెక్కలో ముందే ఉంది. హవా తగ్గిస్తే టైరు పక్క గోడ ప్రతి చుట్టులో ఎక్కువగా వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే ఎలా వేడెక్కి తెగుతుందో లోపలి దారాలు అలాగే తెగుతాయి. దారం ఎలా తెగుతుందో మన పేటకు ఇంకొకరు చెప్పాలా?

స్కూలు పిల్లల్ని తిప్పే ఇంకో డ్రైవరు మాట: "ఎండలో ఏం కాదు బాపూ, మిరుగం తొలి వాననే భయం." ఆ మాట నిజం. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తొలి జల్లుకు సబ్బులా అవుతాయి. టైరు గీతలు నీళ్ళను పక్కకు తోసే కాలువలు. అవి అరిగిపోతే బండి రోడ్డు మీద కాదు, నీటి పొర మీద పోతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా స్టీరింగ్ తిప్పినా ఒకటే. నున్నటి టైరుకు వేడి కత్తితో మళ్ళీ గీతలు చెక్కించుకుని "ఇంకో ఏడాది నడుస్తది" అన్న మహానుభావుడు కూడా మాకు దొరికాడు. గీత లోతు పెరిగింది నిజమే, కానీ అది పెరిగింది లోపలి దారాల వైపు.

ఇప్పుడు రైల్వే సంగతి. రైలు చక్రం ఉక్కు, పట్టా ఉక్కు. ఆల్ సీజన్ అనే మాటకు అర్హత దేనికైనా ఉంటే వాటికే ఉండాలి. కానీ రైల్వే ఆ ఉక్కును కూడా నమ్మదు. ఎండాకాలంలో పట్టాలు సాగి వంకర పోతాయని మధ్యాహ్నం వేళ మనిషి పట్టా వెంట నడుస్తాడు. చలికాలంలో ముడుచుకుని విరుగుతాయని రాత్రి నడుస్తాడు. వానాకాలంలో కట్ట కొట్టుకుపోతుందని లాంతరు పట్టుకుని నడుస్తాడు. మూడు కాలాలు, మూడు గస్తీలు. బండి స్టేషన్లోకి వస్తుంటే పక్కన కూర్చుని ప్రతి చక్రాన్నీ చూసే మనిషి వేరే. బ్రేకు సర్టిఫికెట్ మీద సంతకాలు లేకుండా బండి కదలదు. మేము ఆఫీసులో కాగితాలు రాసిన వాళ్ళమే, పట్టా మీద చెమటోడ్చిన వాళ్ళం కాదు. కానీ ఆ సంతకం విలువ ఏమిటో చూశాం. ఉక్కుకు మూడు గస్తీలు పెట్టిన దేశంలో, పెళ్ళాం పిల్లలు ఎక్కే రబ్బరుకు ఒక్క గస్తీ కూడా పెట్టలేమా?

ఇక ఆ రెండో సాకు, ఖర్మ. ఖర్మ అనే వాళ్ళు ఇది గట్టిగా వినండి. 2010లో పుణె నుంచి ముంబై పోతున్న ఒక కారు వెనక టైరు పేలి లోయలో పడింది, ఒక మనిషి చనిపోయాడు. టైరు పేలడం దైవఘటన, కాబట్టి పరిహారం ఇవ్వనక్కర్లేదని ఇన్సూరెన్సు కంపెనీ వాదించింది. 2023లో బొంబాయి హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అతివేగం, హవా తక్కువ ఎక్కువలు, సెకండ్ హ్యాండ్ టైర్లు, వేడి, ఇవన్నీ కారణాలు కావచ్చనీ, ప్రయాణానికి ముందు టైరు చూసుకోవడం బండి యజమాని, డ్రైవరు బాధ్యత అనీ, ఇది దేవుడి పని కాదు మనిషి నిర్లక్ష్యం అనీ చెప్పింది. కోటీ పాతిక లక్షల పరిహారం నిలబెట్టింది. అదే ఏడాది సమృద్ధి మహామార్గం మీద వరుస ప్రమాదాలు అయ్యాక, ఆర్టీవో వాళ్ళు ప్రవేశం దగ్గరే టైర్లు చూసి అరిగినవాటిని వెనక్కి తిప్పి పంపారు. మన హైదరాబాద్ రోడ్డు మీద అలా ఆపేవాడు లేడు. ఆపాల్సింది మనమే.

మేము ఈ ముక్క సంఘం మీటింగులో పెట్టాం. "టైర్లు చూడ్డం సంఘం పనా? రేపు మా ఇంజన్ ఆయిల్ కూడా చూస్తారా?" అని నవ్వారు. నవ్వండి. కానీ ఒక లెక్క చెప్పండి. ప్రమాదంలో పోయినవాళ్ళ ఇంటికి చందా వసూలు చేయడం సంఘం పని. శ్రద్ధాంజలి బ్యానరు కట్టడం సంఘం పని. అనాథ అయిన పిల్ల ఫీజు కట్టడం సంఘం పని. అది రాకుండా చూడడం మాత్రం సంఘం పని కాదా? మా తమిళ బడి గోడ మీద పెద్ద అక్షరాలతో "వరుమున్ కాప్పోం" అని రాసి ఉండేది. వచ్చేలోపే కాచుకుందాం అని అర్థం. మనం వచ్చాక ఏడవడంలో ఆరితేరిన వాళ్ళం.

డబ్బు లేదనే మాట మేము నమ్మం. కార్ఖానాలో కూలి మీద బతికే మనిషికి టైరు ధర బరువే, ఆ సంగతి తెలుసు. కానీ లగ్గంలో బ్యాండుకూ డెకరేషన్‌కూ అప్పు చేసి పోసే డబ్బులో కొంత చాలు. ఆ లగ్గానికే కదా బండి పోయేది!

మేము అడిగేవి మూడే.

ఒకటి. సంఘం ఒక మంచి హవా గేజ్, ఒక గీతల లోతు కొలిచే గేజ్ కొని ఆఫీసులో పెట్టాలి. లగ్గాలకు ముందు, మిరుగానికి ముందు, ఒక్కో ఆదివారం పొద్దున ఎవరి బండి అయినా తెచ్చి చూపించుకోవచ్చు. కూర్చుని చూడడానికి మేమున్నాం, రిటైరైన వాళ్ళకు అంతకంటే పనేముంది.

రెండు. సంఘం పేరుతో యాత్రకు బండి మాట్లాడితే, టైర్ల మీద తేదీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. డ్రైవరు అన్న కోపగించుకుంటే ఇంకో డ్రైవరు అన్న దొరుకుతాడు.

మూడు. ప్రతి ఇంట్లో బండి ఉన్నవాళ్ళు ఈ నాలుగు చూడాలి. నాలుగంకెల తేదీ: ఐదేళ్ళు దాటితే ఏటా మెకానిక్‌కు చూపించాలి, పదేళ్ళు దాటితే గీతలు ఎంత ఉన్నా తీసెయ్యాలి. గీతల లోతు: కారుకు చట్టం ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్లు. గీతల మధ్య చిన్న రబ్బరు గట్టు ఉంటుంది, టైరు అరిగి దానితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. హవా: పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్నంత. నిండా మనుషులు ఎక్కితే ఎంతో కూడా అదే చీటీలో ఉంటుంది. బరువు: టైరు మీద సైజు పక్కన 91 అని ఉంటే ఒక్కో టైరు మోసేది 615 కిలోలు. చద్దర్ల గఠ్ఠా, బియ్యం మూట వేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి. స్టెప్నీని మరవకండి, అది కూడా టైరే.

ఇదంతా రాసి రాత్రి మేము మా బండి దగ్గరికి టార్చి పట్టుకుని పోయాం. ఊరందరికీ చెప్పేవాళ్ళం కదా, మనది సరిగ్గానే ఉంటుందని. ముందు రెండూ బాగున్నాయి. వెనక కుడి టైరు మీద 1119 అని ఉంది. 2019వ సంవత్సరం, 11వ వారం. ఐదేళ్ళు దాటి చాన్నాళ్ళయింది, ఒక్కసారి కూడా చూపించలేదు. మనవరాలిని ట్యూషన్‌కు దింపేది ఆ బండే. పెద్దమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ పోయి వచ్చింది కూడా ఆ బండి మీదే.

సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాం. రేపు పొద్దున దుకాణం తెరవగానే చూపిస్తాం. మీరూ రేపు బండి తీసే ముందు వంగి చూడండి. ఆ నాలుగంకెలు గ్రూపులో పెట్టండి. మాది మొదట పెట్టాం.

జై మార్కండేయ.