వేదిక సరే, కొలువు మాటేమిటి?

విరుదునగర్ జిల్లాలో, రాజపాళయానికీ శ్రీవిల్లిపుత్తూరుకూ నడుమ, పడమటి కనుమల అడుగున మంసాపురం ఉంది. ఆ ఊరికి నేను ఈమధ్య ఒక ఆహ్వానపత్రిక పట్టుకొని వెళ్లాను. ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు సాంస్కృతికోత్సవం జరుపుతున్నారు. చుట్టుపట్ల తెలుగు కుటుంబాలు తరలిరావాలని నిర్వాహకులు కోరారు. పత్రిక అందంగా ఉంది. పైన పూర్ణకుంభం, కింద కోలాటం, హరికథ, అష్టావధానం, చివర వందన సమర్పణ. నాలుగిళ్లు తిరిగి, పొద్దు గూకే వేళకు ఒక అరుంధతీయ కుటుంబం ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటి పెద్ద బ్యాండేజి గుడ్డ నేసే మరమగ్గాల మీద పనికి పోతాడు. ఇల్లాలు కొబ్బరితోటల్లో కూలి చేస్తుంది. పెద్దకూతురు డిగ్రీ ముగించింది. ఇంటిల్లిపాదీ తెలుగే మాట్లాడుతారు. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. ఆహ్వానపత్రికను నేనే చదివి వినిపించవలసి వచ్చింది.

అంతా విని ఆ తల్లి అడిగింది: “ఆడేదానికీ పాడేదానికీ పిలస్తారు, సరే అన్నా. పనికి పిలిచేది ఎప్పుడు?”

నేను జవాబు చెప్పలేకపోయాను. ఉత్సవం తలపెట్టిన ఆ శాఖలో శాశ్వత అధ్యాపకుడు పదవీవిరమణ చేసి ఏళ్లు గడిచాయి. ఆ కుర్చీలోకి మరొకరు రాలేదు. ఉత్సవం బరువంతా మోస్తున్నది గంటల లెక్కన డబ్బు తీసుకొనే ఒక గెస్టు లెక్చరరు. ఆ సంగతి తెలిసీ నేను ఆహ్వానం పంచడానికి వెళ్లాను. ఆ తల్లి ప్రశ్న నాకే తగలవలసిన ప్రశ్న.

ఉత్సవాలు వద్దని నేను అనను. మన ఇళ్లలో మిగిలిన నాలుగు పాటలకు ఒక వేదిక దొరకడం మంచిదే. ముఖ్యంగా ఈ నేలమీద తెలుగువాడు అతిథిగా కూర్చోవలసిన అగత్యం లేదు. మంసాపురానికి కొద్ది మైళ్ల దూరంలో ఉన్న శ్రీవిల్లిపుత్తూరులోనే గోదాదేవి పుట్టింది. ఆ విష్ణుచిత్తుని ఇంటినీ, ఆ తులసివనాన్నీ శ్రీకృష్ణదేవరాయలు తెలుగు కావ్యంలో నిలిపాడు. ఆముక్తమాల్యదను తెలుగుదేశమంతా చదువుతుంది. ఆ కథ నడిచిన ఊరి పక్కన తెలుగు పిల్లలు దాని పేరైనా కూడబలుక్కోలేరు. మదురను 1706 నుండి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు స్వయంగా తెలుగులో వచనం రాశాడు. రాజపాళయంలో పుట్టిన కుమారస్వామి రాజా 1949 నుండి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నాడు. చెప్పుకోవడానికి గతం చాలినంత ఉంది. కొరత గతానిది కాదు.

ఒక భాషకు విశ్వవిద్యాలయంలో కొలువు ఉంటే ఏమవుతుందో మనకు అనుభవమే. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం 1927లో ప్రాచ్య పరిశోధన సంస్థను నెలకొల్పింది. తెలుగుకు అక్కడ చోటు దక్కింది. కోరాడ రామకృష్ణయ్య ఆ శాఖను నడిపారు. తరువాతి కాలంలో నిడదవోలు వెంకటరావు ఆ బాధ్యత వహించారు. తంజావూరు, మదుర ఏలికల కాలంలో దక్షిణాన వెలసిన తెలుగు సాహిత్యమంతటికీ ‘దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయము’ అనే చరిత్ర వెలువడింది ఆయన చేతి నుండే, 1954లో, ఆ విశ్వవిద్యాలయం ప్రచురణగానే. అంతటి పని ఒక సాయంత్రపు సభలో జరిగేది కాదు. నెలనెలా జీతం, చేతికందే గ్రంథాలయం, పక్కన శిష్యులు ఉండి, పాతికేళ్లు ఒకే చోట కూర్చోగలిగిన మనిషికే అది సాధ్యం. కొలువు అంటే ఒక మనిషి కడుపు నిండడం మాత్రమే కాదు. ఒక జాతి జ్ఞాపకాన్ని కాపాడేందుకు ఒక కాపలాదారును నియమించుకోవడం.

ఇంకొక ఉదాహరణ మన పొరుగుదే. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో మహారచయిత అయ్యాడు. తెలుగుగడ్డ నుండి దక్షిణానికి వలసవచ్చిన కుటుంబాల కథను 1976లో ‘గోపల్ల గ్రామం’గా రాశాడు. దాని కొనసాగింపు నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది. బడి చదువు అంతంతమాత్రమే అయిన ఆ రైతును పుదుచ్చేరి విశ్వవిద్యాలయం 1980ల చివర పిలిచి, జానపద విద్యకు ఆచార్యునిగా కూర్చోబెట్టింది. 2021లో ఆయన కన్నుమూసేనాటికి ఆ నల్లరేగడి సీమ నుడికారం, కథలు, సామెతలు తమిళ సాహిత్యంలో భద్రంగా చేరాయి. తమిళానికి మనం చేతులెత్తి మొక్కాలి. మన అవ్వల కథలను ఆదరించి, చెప్పినవానికి పీట వేసింది. అదే కథలు తెలుగులో చెప్పదలచిన మంసాపురం పిల్లకు పీట వేసేవారెవరు?

విశ్వవిద్యాలయంలో ఒక భాష కుర్చీ ఎలా మాయమవుతుందో పాఠకులు తెలుసుకోవాలి. ఎవరూ దానిని ఒక్క వేటున తీసివేయరు. మంజూరైన పోస్టులో ఉన్నవారు విరమణ చేస్తారు. భర్తీకి నోటిఫికేషన్ రాదు. ఒక ఏడాదికని గెస్టు లెక్చరరును పెడతారు. ఆ ఏడాది పదేళ్లవుతుంది. సహాయాచార్యుని పదవిలో చేరితే ఏడవ వేతన సంఘం లెక్కన మూలవేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది. గెస్టు అధ్యాపకులకు యు.జి.సి. 2019లో చెప్పిన గరిష్ఠ మొత్తం పాఠానికి 1,500, నెలకు 50,000. అది పైహద్దు మాత్రమే. వేసవి సెలవుల్లో పాఠాలూ లేవు, డబ్బూ లేదు. పరిశోధన చేయించే హక్కూ, శాఖ తరఫున గట్టిగా మాట్లాడే హోదా ఆ మనిషికి ఉండవు. పిల్లలు తగ్గుతారు. అప్పుడు పైవారు అంటారు: విద్యార్థులు లేరు గనుక పోస్టు అక్కరలేదు. విద్యార్థులను అడిగితే వారు అంటారు: పోస్టు లేదు గనుక మేం చేరలేదు. ఈ రెండు మాటల నడుమ శాఖ తలుపు మూసుకుంటుంది. మూసేముందు ఒక ఘనమైన ఉత్సవం కూడా జరగవచ్చు.

ఈ ఎండిపోవడం కిందనుంచే మొదలైంది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుండి ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరి చేసింది. ఆ వరుస 2015-16లో పదో తరగతికి చేరింది. మైనారిటీ భాషల పిల్లలు న్యాయస్థానాల మెట్లెక్కి, మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు దాకా పోయారు. తమిళం నేర్వడం మనకు బాధ కాదు, ఈ నేల భాష అది, మన పిల్లల రెండో ఊపిరి. తమిళం వచ్చినంత మాత్రాన తెలుగు పోవాలా అన్నదే మన ప్రశ్న. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350-ఎ అధికరణంలో 1956 నుండీ చెబుతూనే ఉంది. బడిలో తెలుగు లేనిచోట బి.ఏ.లో తెలుగు ఉండదు. బి.ఏ. లేనిచోట ఎం.ఏ.కు పిల్లలు రారు.

ఇక పుట్టింటివారి మాట. మంసాపురం అమ్మాయి పట్టుబట్టి తెలుగు నేర్చి, ఆంధ్రకో తెలంగాణకో చదువుకు బయలుదేరిందనుకుందాం. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు విశ్వవిద్యాలయాల సీట్లలో 85 శాతాన్ని స్థానికులకు కేటాయించింది. వెనుకబడిన ప్రాంతాల పిల్లలకు న్యాయం చేయడానికి వచ్చిన ఆ ఏర్పాటును నేను తప్పుపట్టను. కాని దాని నీడలో ఈ పిల్ల స్థానికేతరురాలు. తమిళనాడులో 2009 నాటి చట్టం అరుంధతీయులకు 3 శాతం అంతర్గత కోటా ఇచ్చింది; 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. ఆ పిల్ల పొలిమేర దాటి తెలుగు రాష్ట్రంలో అడుగుపెడితే, అక్కడి రాష్ట్ర రిజర్వేషన్లకు ఆ కులపత్రం చెల్లదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు వేసిన కేసులో సుప్రీంకోర్టు తేల్చిన న్యాయమిది. ఇక్కడ తెలుగు పిల్ల అంటారు, అక్కడ తమిళనాడు పిల్ల అంటారు. ఉత్సవ వేదిక మీద మాత్రం రెండుచోట్లా ‘మన ఆడపడుచు’ అంటారు!

పొలిమేరల తెలుగువారిని ఆదుకుంటాయని మనం నమ్ముకొన్న సంస్థలు లేకపోలేదు. 1985లో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. 1997లో మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది. తెలుగుకు ప్రాచీన హోదా 2008లో దక్కింది. దాని అధ్యయన కేంద్రం మైసూరు వదలి నెల్లూరికి చేరేసరికి 2020 వచ్చింది. తమిళులకు 2004లో హోదా వస్తే, 2008 నాటికే వారి సంస్థ చెన్నైలో నిలబడింది. వారిని చూసి అసూయపడనక్కరలేదు, నేర్చుకుంటే చాలు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తమిళ పీఠం కోసం ప్రపంచంలోని తమిళులు అరవై లక్షల డాలర్లు కూడబెట్టారు. 2017లో తమిళనాడు ప్రభుత్వం పది కోట్ల రూపాయలు ఇచ్చింది. వారూ సభలు జరిపారు, పాటలు పాడారు. కాని ఆ సభల చివర వందన సమర్పణతో పాటు ఒక శాశ్వతమైన కుర్చీ మిగిలింది. మనవారిలోనూ కొప్పాక దంపతుల విరాళంతో ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు పీఠం ఏర్పడింది. ఒక కుటుంబం చేయగలిగిన పనిని రెండు ప్రభుత్వాలు మదురలో, చెన్నైలో, బెంగుళూరులో చేయలేవా?

అందుకే మూడు కోరికలు ముందుంచుతున్నాను.

ఒకటి: తెలుగు పేరిట ఉత్సవం జరిపే ప్రతి విశ్వవిద్యాలయమూ తన ఆహ్వానపత్రిక మీదనే నాలుగు లెక్కలు అచ్చువేయాలి. తెలుగుకు మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఖాళీలెన్ని, చదువుతున్న పిల్లలెందరు. అచ్చువేయకపోతే మనమే అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వవలసిన బాధ్యత వారిది.

రెండు: బయటి రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో తెలుగు పీఠాలకు రెండు తెలుగు ప్రభుత్వాలూ శాశ్వత నిధి వేయాలి. ఏటేటా ఉత్సవానికిచ్చే గ్రాంటు కాదు. వడ్డీతో ఒక ఆచార్యుని జీతం నడిచే మూలధనం.

మూడు: ద్రావిడ విశ్వవిద్యాలయమూ తెలుగు విశ్వవిద్యాలయమూ పొలిమేర జిల్లాల, బయటి రాష్ట్రాల తెలుగు పిల్లలకు అదనపు సీట్లు, వసతి కల్పించాలి. రెండు భాషలు వచ్చిన మన పిల్లలే అనువాదానికి, తులనాత్మక అధ్యయనానికి తగిన అభ్యర్థులని ఉద్యోగ ప్రకటనల్లో గుర్తించాలి.

కుటుంబాలకూ ఒక మాట. దారి మొత్తంగా మూసుకుపోలేదు. యు.జి.సి. నెట్ పరీక్షలో తెలుగు ఒక విషయం. జూనియర్ పరిశోధక వేతనం గెలిస్తే 2023 నుండి నెలకు 37,000 రూపాయలు. నెట్ నెగ్గినవారు దేశంలో ఏ విశ్వవిద్యాలయపు కొలువుకైనా పోటీపడవచ్చు. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఇందాక చెప్పిన కులపత్రం చిక్కు కూడా ఉండదు. దీనికంతటికీ తొలిమెట్టు ఇంట్లోనే ఉంది: యాభై ఆరు అక్షరాలు. హోసూరు, తిరుత్తణి, బళ్లారి, కోలారు, రాయగడ తల్లిదండ్రులారా, ఇంటికొక బిడ్డకైనా అవి నేర్పండి. పిల్లలు లేరన్న సాకును ముందు మనం వారి చేతిలోనుంచి లాగేద్దాం.

ఆగస్టు 29 వస్తుంది. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, 1936లో, ఆ ఊరు విడిచివచ్చిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు అది. ఎన్నో వేదికల మీద ఆయన పటానికి దండ పడుతుంది. పిలిస్తే వెళ్లండి. ముందు వరుసలో కూర్చోండి. పాట విని చప్పట్లు కొట్టండి. ఆపైన లేచి నిలబడి, మంసాపురం తల్లి అడిగిన ప్రశ్ననే మర్యాదగా అడగండి. నేనైతే ఆ నాలుగు లెక్కలు లేని ఆహ్వానపత్రికను ఇకమీదట ఏ ఇంటికీ మోసుకుపోను. ఆ అరుగు మీద మళ్లీ కూర్చొనే ముందు ఆమెకు ఒక జవాబు తీసుకుపోవాలి.