హక్కు పోయి అనుమతి మిగిలినది

ఒకప్పుడు సగము ప్రపంచమునకు అనుమతి పత్రములు వ్రాసియిచ్చిన జాతివారు నేడు పారిస్ నగరమున కొలువు చేయదలచినచో, తామే అట్టి పత్రమునకై దరఖాస్తు పెట్టుకొని వేచియుండవలసి వచ్చినది. ఇది పరిహాసపు మాట కాదు. 2021 జనవరి 1వ తేదీ నుండి అమలులో నున్న చట్టము.

1957లో రోమునగరమున ఆరు దేశములు కుదుర్చుకొన్న ఒడంబడికలోనే, శ్రామికుడు సభ్యదేశములలో ఎచటికైనను పోయి పనిచేయవచ్చునను సూత్రము నాటబడినది. బ్రిటన్ 1973లో చేరినది. 1993 నవంబరులో మాస్ట్రిక్టు ఒడంబడిక అమలునకు రాగా సభ్యదేశముల పౌరులెల్లరును ఐరోపా పౌరులు కూడ నైరి. మాంచెస్టరు వడ్రంగి బెర్లినులో పనికి కుదురుటకు యజమాని దొరకిన చాలును. ప్రభుత్వము నడుగ నక్కరలేకుండెను.

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటువేసినవారు నూటికి 51.9 వంతున విడిపోవుటకే మ్రొగ్గిరి. 2020 జనవరి 31న బ్రిటన్ వెలుపలికి వచ్చినది. ఆ యేటి చివర సంధికాలము ముగిసినది. పరదేశపు పనివారు రాకుండ తలుపు మూయవలెనని కోరినవారిలో, తలుపునకు రెండు వైపులుండునని తలచినవారు కొందరే కాబోలు.

నేడు బ్రిటిష్ పౌరుడు షెన్‌గెన్ దేశములలో వీసా లేకయే 180 దినములలో 90 దినములు తిరుగవచ్చును. అది దేశమునకు 90 కాదు, అన్నిటికిని కలిపి 90. తిరుగుట వేరు, జీతమునకు పనిచేయుట వేరు. పనికి ఆ యా దేశపు అనుమతి కావలెను. జర్మనీ కొంత నయము: వీసా లేకయే వచ్చి అక్కడనే నివాసానుమతి కోరవచ్చును; అది చేతికి రాకమున్ను పనిలో చేరరాదు. విద్యాధికులకై ఏర్పరచిన బ్లూ కార్డు వరుసలో హైదరాబాదు ఇంజనీరును, బర్మింగ్‌హాము ఇంజనీరును ఒకరి వెనుక నొకరు నిలుతురు. చట్టము ఇరువురిని ‘మూడవ దేశపు జాతీయులు’ అనియే పిలుచును. భారతదేశము ద్వంద్వ పౌరసత్వము నంగీకరింపదు గనుక, ఐరోపాయంతట పనిహక్కు లభించునని భారత పౌరసత్వమును వదలుకొని బ్రిటిష్ పౌరులైన తెలుగువారుండినచో వారికిది రెట్టింపు నష్టము.

2020 ముగియకమున్నే అచట చట్టబద్ధముగా నివసించుచుండినవారి హక్కులను నిష్క్రమణ ఒప్పందము కాపాడినది. కాని ఇందొక మెలిక కలదు. ఆ రక్షణ వారున్న దేశమునకే పరిమితము. లియోనులో ఇరువది యేండ్లుగా పాఠములు చెప్పుచున్న ఆంగ్లోపాధ్యాయుడు ఫ్రాన్సులో నిశ్చింతగా కొనసాగవచ్చును. మ్యూనికులో మరింత మంచి కొలువు దొరకినచో ఆ హక్కు వెంట రాదు. యోగ్యతాపత్రములను తమంత తామే గుర్తించు పూర్వపు పద్ధతియు బ్రిటన్ విషయమున అంతరించినది. జీవితమంతయు ఐరోపాయని నమ్మి బ్రదికినవానికి ఒక దేశమే మిగులుట చిన్న శిక్ష కాదని నా యభిప్రాయము.

ఐర్లండు మాత్రము మినహాయింపు. 1920ల నాటి నుండి నడచుచున్న ఉమ్మడి రాకపోకల ఏర్పాటు వలన బ్రిటిష్ పౌరుడు డబ్లినులో ఏ అనుమతియు లేక పనిచేయవచ్చును. అంతకంటె చిత్రమైనది వేరొకటి: ఐర్లండులో పుట్టిన అవ్వగాని తాతగాని కలవాడు ఐరిష్ పౌరసత్వమే కోరవచ్చును, దానితో 27 దేశముల పనిహక్కును తిరిగి చేజిక్కును. ఒకనాడు కూలికై లివర్‌పూలు చేరిన అవ్వ జనన ధ్రువపత్రము మనుమనికి బెర్లినులో జీతము సంపాదించి పెట్టగలదు. ఆ తరము దాటినచో ఈ దారియు సాధారణముగా మూతపడును.